గుప్పిట్లో ప్లగ్గు

నా చిన్నప్పుడు నన్ను ఒకచోట కూర్చోబెట్టడం మా ఇంట్లో ఎవరి తరమూ అయ్యేది కాదు. అన్నం తింటూ తింటూ లేచి వాకిట్లోకి వెళ్ళి వీధి చూసొచ్చేదాన్ని. జడ వేయడానికి కూర్చోబెడితే సగం అల్లిన జడతోనే పరుగు. సూరత్‌లో మేమున్న గదికి ఆనుకునే మరమగ్గాల షెడ్డు ఉండేది. గోడకు వీపు ఆనిస్తే ఒళ్ళంతా సన్నగా వణికేది, గూట్లో పెట్టిన గ్లాసులు వాటంతట అవే కదిలి అంచుకు వచ్చేవి. "నేలే ఊగుతుంటే పిల్లకు కాళ్ళు ఎట్ల నిలుస్తయి" అని అమ్మ నవ్వేది. మా నాయిన ఆ షెడ్డులోనే పనిచేసేవాడు. షిఫ్టును అక్కడ పాళీ అంటారు. ఒక వారం పగటి పాళీ, ఒక వారం రాత్రి పాళీ. ఇంట్లో ఎవరో ఒకరు నిద్రపోతూనే ఉండేవారు, ఎవరో ఒకరు లేచి పరుగెత్తుతూనే ఉండేవారు.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో అమ్మ మళ్ళీ కడుపుతో ఉంది. ఒళ్ళంతా నీరు పట్టింది. చీర అంచు కింద కనిపించే పాదాలు వాచి, చెప్పులు పట్టేవి కావు. ఏమైందని అడిగితే ఎవరూ చెప్పేవారు కాదు. నేను గదిలోకి రాగానే పెద్దవాళ్ళ మాటలు ఆగిపోయేవి. ఒకరోజు నాయిన నా బట్టలు సంచిలో సర్ది, నన్ను మా మేనత్త ఇంటికి తీసుకుపోయి దిగబెట్టాడు. కొన్నాళ్ళు అక్కడ ఉండు బిడ్డా అన్నాడే గాని, ఎన్నాళ్ళో చెప్పలేదు.

మా మేనత్త ఊరు తాపీ నదికి అవతలి ఒడ్డున, నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా ఉండేది. ఇప్పుడు ఆ వైపు వంతెనల మీద లారీలు బారులు తీరి పోతుంటాయి. అప్పుడు మాత్రం అవతలి ఊళ్ళవాళ్ళు సూరత్ వైపున్న మగ్దల్లా ఒడ్డుకు రావాలంటే పడవే దగ్గరి దారి. ఆ పడవల్లో ఒకటి మా అత్తమ్మది.

తెలంగాణ నుంచి మగ్గం పనికి వచ్చిన కుటుంబంలో ఒక ఆడమనిషి నది మీద మిషన్ పడవ నడపడం ఏమిటని ఈ కాలం పిల్లలు కూడా అడుగుతారు. నిజానికి పడవ మా మామది. ఆయనకు మగ్గాల చప్పుడు పడలేదు. చెవుల్లో హోరు ఆగడం లేదని షెడ్డు వదిలేసి, ఒక గుజరాతీ పడవవాడి దగ్గర పనికి కుదిరి, కొన్నేళ్ళకు తనకంటూ ఒక చిన్న పడవ, దాని వెనక తగిలించే పాత మిషన్ ఒకటి సంపాదించుకున్నాడు. సొంత పడవ వచ్చిన కొద్దికాలానికే ఒడ్డున బురదలో జారిపడి నడుము పోగొట్టుకున్నాడు. ఆ మిషన్‌కు బొంగరానికి చుట్టినట్టు తాడు చుట్టి గట్టిగా లాగితేగాని ప్రాణం రాదు. వంగి ఆ తాడు లాగే శక్తి ఆయన నడుముకు లేకపోయింది. మొదట్లో ఆయన పడవలో కూర్చుని చెబుతుంటే అత్తమ్మ లాగేది. తర్వాత ఆయన ఒడ్డున కూర్చున్నాడు, అత్తమ్మ ఒక్కతే వెళ్ళడం మొదలుపెట్టింది. ఆడమనిషి నడిపే పడవ ఎక్కబోమని కొందరు కొన్నాళ్ళు బెట్టు చేశారట. వేరే పడవ కోసం ఎండలో నిలబడి నిలబడి వాళ్ళే ఎక్కారు.

ఆ ఇంట్లో నాకు చేయడానికి పనేమీ లేదు, పోవడానికి బడి లేదు. ఆలోచన మాత్రం ఆగేది కాదు. పొద్దున్నే లేచి ఒడ్డుకు పరుగెత్తేదాన్ని. అవతలి నుంచి వచ్చే ప్రతి పడవలోనూ తెలిసిన మొహం కోసం వెతికేదాన్ని. దిగినవాళ్ళను పట్టుకుని, మా నాయిన మీకు ఎదురుపడ్డాడా అని అడిగేదాన్ని. అంత పెద్ద ఊరిలో మా నాయిన ఎవరో వాళ్ళకేం తెలుసు? కొందరు నవ్వేవారు, కొందరు జాలిగా చూసి పోయేవారు. అక్కడ సముద్రపు పోటు వచ్చినప్పుడు నది నిండుగా ఉబ్బి మెట్ల దాకా వచ్చేది. పాటు సమయంలో నీళ్ళన్నీ సముద్రం లాగేసుకుంటే ఒడ్డు పొడుగునా నల్లటి బురద తేలి, పడవలన్నీ పక్కకు ఒరిగి పడుకునేవి. ఆ బురద తేలినంతసేపూ ఎవరూ రాలేరు, ఎవరూ పోలేరు. ఆ వేళల్లో నాకు ఊపిరాడేది కాదు. బురద అంచున అటూ ఇటూ తిరుగుతూ, నీళ్ళు ఎప్పుడొస్తాయి, ఎప్పుడొస్తాయి అని మామను చంపుకుతినేదాన్ని.

నన్ను చూసి అత్తమ్మ ఏమీ అనేది కాదు. మిషన్ పనికి మాత్రం పక్కన ఉంచుకునేది. సాయంత్రం పడవ కట్టేశాక మిషన్‌ను విప్పి, పక్కింటివాళ్ళెవరో ఒక చెయ్యి వేస్తే ఇంటి ముందుకు మోసుకొచ్చి, మంచినీళ్ళు నింపిన డ్రమ్ములోకి దాని కాలు, అంటే రెక్కలుండే కింది భాగం, దించి కాసేపు నడిపేది. ఉప్పునీళ్ళు లోపల మిగిలిపోతే ఇనుము తినేస్తుందట. ఇరుగుపొరుగు, ఈమె మొగుడికన్నా మిషన్‌కు ముందు స్నానం పోస్తుందని ఆటపట్టించేవారు. ఆమె నవ్వి ఊరుకునేది. మిషన్ పక్కనుంచి సన్నటి నీటిధార ఒకటి బయటికి చిమ్మేది. అత్తమ్మ ఏ పని చేస్తున్నా, ఎవరితో మాట్లాడుతున్నా ఒక కన్ను ఆ ధార మీదే ఉండేది. అది సన్నబడిందంటే లోపల నీళ్ళు తిరగడం లేదని, మిషన్ కాగిపోతోందని అర్థం. తర్వాత గుడ్డతో తుడిచి, తిరిగే చోటల్లా గ్రీజు రాసి, పానా పెట్టి ప్లగ్గు విప్పి దాని నల్లటి మసి గీకి, మళ్ళీ బిగించేది. బొటనవేలంత ఉండే ఆ ప్లగ్గు నిప్పురవ్వ పుట్టిస్తేనే మిషన్ నడుస్తుందని నాకు చెప్పింది ఆమే. ఇవన్నీ ఆమె తొందర లేకుండా చేసేది. నేను మాత్రం పక్కన కూర్చుని కాళ్ళూపుతూ, అయిందా, అయిందా అని అడుగుతూనే ఉండేదాన్ని.

ఒకరోజు పొద్దెక్కాక కబురు వచ్చింది. అవతలి ఒడ్డు నుంచి వచ్చిన కూలీ ఒకాయన పడవ దిగుతూనే మా మామను వెతుక్కుంటూ వచ్చాడు. మా గది పక్కన ఉండే మనిషే. నన్ను చూసి గొంతు తగ్గించాడు గాని నాకు వినపడనే వినపడింది.

"దవాఖానల చేర్పించిన్రు. పొద్దుగాలనుంచి సోయి లేదట. పిల్లను తోల్కరమ్మన్నడు."

నాయిన నన్ను తీసుకురమ్మనడం ఎందుకో ఆ వయసులో కూడా నాకు అర్థమైంది. కడసారి చూపుకు పిల్లల్ని పిలుస్తారని మా వాడలో చూశాను. నేను ఏడవలేదు. నేరుగా ఒడ్డుకు పరుగెత్తి, పడవలోకి దూకి కూర్చున్నాను.

మామ కర్ర పట్టుకుని మెల్లగా వెనక వచ్చాడు. నీళ్ళను చూసి తల అడ్డంగా ఊపాడు. పోటు అయిపోయి పాటు మొదలైంది. నీళ్ళు అప్పటికే సముద్రం వైపు జారుతున్నాయి. ఒడ్డున కట్టిన పడవలన్నీ ముక్కు తిప్పుకుని ఒకే వైపు తాళ్ళు లాగుతున్నాయి. సాయంత్రం పోటు దాకా ఆగమని మామ అన్నాడు. నీటి వేగానికి ఎదురు పోవడానికి మిషన్ ముసలిదైపోయిందని, మధ్యలో ఆగితే సముద్రం నోట్లోకి పోవడమేనని చెప్పాడు.

అత్తమ్మ నీళ్ళ వైపు చూసింది. నా వైపు చూసింది. "సాయంత్రం దాక ఆగితే ఈ పిల్ల ఈదుకుంటనన్నా పోతది" అంది. అంతే, మిషన్ దించడానికి వంగింది.

మాతోబాటు ఇంకొందరు ఎక్కారు. చేపల గంపతో ఒక గుజరాతీ ముసలమ్మ, పనికి పోయే ఇద్దరు కూలీలు, అవతల లారీ ఆపుకుని వచ్చిన ఒక డ్రైవరు. డ్రైవరు పొడుగాటి మనిషి, గొంతు కూడా పెద్దది. అత్తమ్మ తాడు లాగుతుంటేనే, ఇట్లా కాదు అట్లా లాగాలని హిందీలో సలహాలు మొదలుపెట్టాడు. మిషన్ దగ్గి, పొగ చిమ్మి అందుకుంది. కాస్త వేడెక్కాక అత్తమ్మ చిన్న పిడి తిప్పి పెట్రోలు మీదనుంచి కిరసనాయిలు మీదకు మార్చింది. నీటిధార చిమ్ముతోందో లేదో చూసుకుంది. ఒడ్డున మామ చెయ్యెత్తి నిలబడ్డాడు.

నేను ముందు కూర్చుని, పడవను నా ఒంటితోనే నెడుతున్నట్టు ముందుకు వంగి ఉన్నాను. అవతలి ఒడ్డు కదలడం లేదనిపించింది. అమ్మ వాచిన పాదాలు, నీలంగా ఉబ్బిన నరాలు కళ్ళముందు తిరుగుతున్నాయి. ఇంకా స్పీడు పెంచమని వెనక్కి తిరిగి తిరిగి అరిచాను. అత్తమ్మ పడవ ముక్కును ఏటికి ఎగువకు పెట్టి, నీటి లాగుడును లెక్కలోకి తీసుకుంటూ ఏటవాలుగా నడిపిస్తోంది.

నది నడిమధ్యకు వచ్చాం. ఉన్నట్టుండి మిషన్ మూలిగింది. గొంతు నులిమినట్టు ఒక శబ్దం వచ్చి, ఆగిపోయింది.

అప్పటిదాకా ఉన్న చప్పుడు ఆగిపోయేసరికి నీళ్ళ శబ్దం ఒక్కసారిగా చెవుల్లోకి వచ్చింది. పడవ ముక్కు మెల్లగా పక్కకు తిరిగింది. అత్తమ్మ మిషన్‌ను వంచి కాలు పైకెత్తింది. నీళ్ళను చిలికే రెక్కలకు గులాబీరంగు పాలిస్టర్ గుడ్డ మెలికలు మెలికలుగా చుట్టుకుని ఉంది. సూరత్ మిల్లులు కత్తిరించి పారేసే గుడ్డ పీలికలు ఎక్కడెక్కడినుంచో కొట్టుకొచ్చి నదిలో తేలుతుండేవి. వాటిని అక్కడ చిందీలు అంటారు. మా నాయినలాంటి వాళ్ళు రాత్రింబవళ్ళు నేసే గుడ్డే అది.

లంగరు వేయమని అత్తమ్మ కూలీలకు చెప్పి, తను పడవ వెనక అంచు మీద బోర్లా పడుకుని కత్తితో ఆ గుడ్డను కోయడం మొదలుపెట్టింది. లంగరు పడింది గాని అడుగున మెత్తటి బురద, అది పట్టలేదు. బురదను గీసుకుంటూ మా వెంటే వచ్చింది. పడవ వేగం తగ్గింది, అంతే. ఒడ్డున కనిపించే చెట్లు వెనక్కి పోతూనే ఉన్నాయి. ముందు నది వెడల్పయి, నీళ్ళ రంగు మారి, దూరంగా తెల్లటి నురగ గీతలా కనిపించింది. అక్కడ నది, సముద్రం కొట్టుకుంటాయని, అక్కడికి చిన్న పడవలు పోవని మామ చెప్పిన మాట గుర్తొచ్చింది.

గుడ్డ మొత్తం వచ్చేసింది. అత్తమ్మ మిషన్ కాలు దించి, పిడిని మళ్ళీ పెట్రోలు మీదకు తిప్పగానే, డ్రైవరు ఇక ఆగలేక ఒక్క అంగలో వెనక్కి దూకి తాడు అందుకున్నాడు. పడవ ఒక వైపుకు ఒరిగింది. ముసలమ్మ "బేసీ జా, బేసీ జా" అని గుజరాతీలో కేకలు. కూర్చో, కూర్చో అని. అతను వినలేదు. చల్లారిన మిషన్‌కు మొదట్లో పెట్రోలు ఎక్కువ అందించడానికి లాగే చోక్‌ను పూర్తిగా లాగిపెట్టి, తాడు చుట్టి లాగాడు. మళ్ళీ చుట్టి లాగాడు. చెమటలు కారుతున్నా లాగుతూనే ఉన్నాడు. అతనిది దుర్మార్గం కాదు, భయం. పెట్రోలు వాసన గుప్పుమంది. మిషన్ ఒక్క దగ్గు కూడా దగ్గలేదు.

అత్తమ్మ లేచి అతని చెయ్యి పట్టుకుంది. "బస్, భాయ్. పెట్రోల్ మింగీ మింగీ దాని గొంతు నిండింది. ఇగ నువ్వు లాగిన కొద్దీ మునుగుతది" అంది. సగం తెలుగులో, సగం హిందీలో. అతనికి ఏమర్థమైందో గాని ఆ గొంతు విని ఆగాడు.

అప్పుడు నేను లేచి నిలబడ్డాను. నాకిప్పటికీ ఆ క్షణం నా కాళ్ళలో తెలుస్తుంది. పడవ మీద నుంచి దూకి నీళ్ళ మీద నడిచి పోవాలన్నంత తొందర. "అమ్మ సచ్చిపోతది అత్తమ్మా! జల్ది నడుపు! లాగు!" అని అరుస్తూ ఆమె వైపు పరుగెత్తబోయాను. నా అడుగులకు పడవ మళ్ళీ ఊగింది.

అత్తమ్మ నన్ను కసరలేదు. పానాతో ప్లగ్గు విప్పి తీసింది. అది తడిసి నల్లగా నిగనిగలాడుతోంది. నన్ను దగ్గరికి పిలిచి, కూర్చోబెట్టి, ఆ ప్లగ్గు నా అరచేతిలో పెట్టి వేళ్ళు మడిచింది.

"ఇది తడిసింది బిడ్డా. ఇది ఆరితేనే మిషన్ నడుస్తది. నీ ఒంటి వేడికి ఆరాలె. రెండు చేతులతోని గట్టిగ పట్టుకో. గాలి తగలొద్దు, కదలొద్దు. నేను అడిగేదాక గుప్పిట ఇప్పకు."

నేను కూర్చున్నాను. నా బతుకులో మొదటిసారి, కదలకుండా కూర్చున్నాను.

రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి బిగించి ఒళ్ళో పెట్టుకుని, ఇంకా వేడి కావాలని వాటి మీదకు వంగి కడుపుకు ఆనించుకున్నాను. ప్లగ్గు మొన అరచేతిలో గుచ్చుకుంటోంది. పెట్రోలుకు చర్మం చల్లగా అయి, తర్వాత మండింది. ఈగ వచ్చి మొహం మీద వాలినా తోలుకోలేదు. చేతులు కదిలితే గాలి తగులుతుంది, గాలి తగిలితే ఆరదు, ఆరకపోతే అమ్మ. అంతకుమించి నా తలలో ఇంకేమీ లేదు. లోపల ఆత్రం తగ్గిందని చెప్పను. అది తగ్గలేదు. కాని ఒళ్ళంతా పరుగెత్తుతున్నది కాస్తా వచ్చి ఆ గుప్పిట్లో కూర్చుంది.

మిగిలినవాళ్ళకు కూడా అత్తమ్మ పనులు పంచడం వినపడుతోంది. డ్రైవరు లంగరు తాడు పట్టుకుని, అది ఎక్కడైనా పట్టు దొరికించుకుంటే చెప్పాలి. కూలీలు పొడుగాటి వెదురుతో లోతు చూస్తుండాలి. ముసలమ్మ తన చేపల గంపలోని గిన్నెతో పడవలోకి వచ్చిన నీళ్ళు తోడాలి. ఒక్కొక్కరికీ ఒక్కో పని. కేకలు ఆగిపోయాయి. కూలీ లోతు చెప్పే మాట, గిన్నె నీళ్ళు పారబోసే చప్పుడు, అంతే.

అత్తమ్మ చోక్ మూసేసి, ప్లగ్గు లేని మిషన్‌ను తాడుతో లాగుతోంది. లాగినప్పుడల్లా లోపల నిండిన పెట్రోలు తుంపరలుగా బయటికి చిమ్ముతోంది. లాగడం, ఆగడం. లాగడం, ఆగడం. తర్వాత అసలేమీ చేయకుండా కూర్చుంది. మిషన్ నోరు తెరుచుకుని గాలికి ఆరుతోంది. నురగ గీత దగ్గరవుతోంది. దాని హోరు కూడా వినపడటం మొదలైంది. అంత హోరులో ఏమీ చేయకుండా ఒక మనిషి ఎలా కూర్చోగలదో నాకు అర్థం కాలేదు. అడగడానికి నోరు తెరిచి, చేతులు కదులుతాయని మూసుకున్నాను.

నేను తల వంచుకునే ఉన్నాను. వెనక ఏదో డబ్బా మూత తీసిన చప్పుడైంది. పానా తిరిగిన చప్పుడు. తాడు చుట్టుకున్న చప్పుడు. ఒక్క లాగుడు.

మిషన్ పలికింది.

ముందు తడబడింది, తెల్లటి పొగ కక్కింది, తర్వాత గొంతు సవరించుకుని గట్టిగా అందుకుంది. ముసలమ్మ రెండు చేతులెత్తి తాపీ తల్లికి మొక్కింది. డ్రైవరు లంగరు పైకి లాగుతూ ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. పడవ ముక్కు మెల్లగా, చాలా మెల్లగా నురగకు వీపు తిప్పింది.

నేను మాత్రం నా చేతుల వైపే చూస్తున్నాను. ప్లగ్గు నా గుప్పిట్లోనే ఉంది.

వెనక్కి తిరిగి చూశాను. అత్తమ్మ ఒక చేత్తో మిషన్ పిడి పట్టుకుని, నన్నే చూస్తోంది. ఆమె పక్కన పనిముట్ల డబ్బా తెరిచి ఉంది. అందులో ఇంకో ప్లగ్గు ఉండేదని, ఇప్పుడు మిషన్‌లో ఉన్నది అదేనని, నా చేతిలో దానితో ఆ మిషన్‌కు మొదటినుంచీ పని లేదని నాకు అర్థమైంది. మోసపోయానన్న కోపం వచ్చింది. అత్తమ్మ తప్పించుకోలేదు. చూపు కూడా తిప్పుకోలేదు. మిషన్ చప్పుడు మీద గొంతు పెంచి, "ఇప్పకు బిడ్డా. దవాఖాన దాక పట్టుకో" అంది.

నేను మళ్ళీ గుప్పిట బిగించాను. ఈసారి అంతా తెలిసే బిగించాను.

నీటికి ఎదురు మగ్దల్లా ఒడ్డు చేరేసరికి బురద తేలడం మొదలైంది. చివరి దూరం మోకాళ్ళ లోతు బురదలో డ్రైవరే నన్ను భుజాన వేసుకుని నడిచాడు. తన లారీలోనే మమ్మల్ని దవాఖాన దాకా తెచ్చి దింపాడు. దారిపొడుగునా ఒక్క సలహా కూడా ఇవ్వలేదు.

దవాఖాన వరండాలో మా నాయిన నడుస్తున్నాడు. గోడ దాకా పోవడం, తిరిగి రావడం. రాత్రి పాళీ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, జుట్టులో దారపు నూగు తెల్లగా అంటుకునే ఉంది. నన్ను చూశాడు గాని ఆగలేకపోయాడు. తలుపు తీసుకుని నర్సు వచ్చినప్పుడల్లా ఆమె మీదకు పోయేవాడు. ఆమె విసుక్కుని, పక్కకు కూర్చోమని హిందీలో గదిమేది. కూర్చునేవాడు, మళ్ళీ లేచేవాడు. మా నాయిన అంత చిన్నగా కనిపించడం నేనెప్పుడూ చూడలేదు. మగ్గాల మధ్య అటూ ఇటూ నడిచి నడిచి అలవాటైన ఆ కాళ్ళకు ఆగడం రాదని, నా కాళ్ళు ఆయన దగ్గరనుంచే వచ్చాయని అప్పుడే తెలిసింది.

నేను ఆయనకు ఎదురుపోయి చెయ్యి పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టాను. గుప్పిట విప్పి, ప్లగ్గు ఆయన అరచేతిలో పెట్టి వేళ్ళు మడిచాను.

"ఇది జర పట్టుకో నాయినా. గట్టిగ. గాలి తగలొద్దు."

అది ఏమిటో, ఎందుకో ఆయన అడగలేదు. చిన్నపిల్లవాడిలా తలూపి గుప్పిట బిగించాడు. రెండో చేయి కూడా దాని మీద వేశాడు. మేమిద్దరం అలా ఆ బల్ల మీద కూర్చున్నాం. అత్తమ్మ కాస్త దూరంగా గోడకు ఆనుకుని నిలబడి, బురద ఎండిన చీర కుచ్చిళ్ళు దులుపుకుంటోంది.

పొద్దు వాలేవేళ డాక్టరమ్మ బయటికి వచ్చింది. అమ్మ దక్కింది. తమ్ముడు దక్కలేదు. నాయిన ఆ రెండు మాటలూ బల్ల మీద కూర్చునే విన్నాడు. తర్వాత గుప్పిట విప్పి చూసుకున్నాడు. అరచేతి మధ్యలో నల్లటి మరక, ఎర్రటి గుంట.

"ఏంది బిడ్డా ఇది?" అన్నాడు అప్పుడు.

"అత్తమ్మ మిషన్‌ది" అన్నాను. అప్పుడు ఆయనకు ఏడుపు వచ్చింది. నాక్కూడా.

అత్తమ్మ మర్నాడు ఊరికి బయలుదేరుతూ తన ప్లగ్గు తను అడిగి తీసుకుంది. కొంగుతో తుడిచి, మొన చూసి, గీకితే ఇంకా మస్తుగా పనిచేస్తుందని నడుములో దోపుకుంది. కాబట్టి చూపించడానికి నా దగ్గర ఆ ప్లగ్గు లేదు. అది అలాగే ఆ మిషన్‌లో పనిచేసి పనిచేసి ఎక్కడో అరిగిపోయి ఉంటుంది. వంతెన వచ్చాక పడవకు మనుషులు తగ్గారు. మామ పోయాక అత్తమ్మ మిషన్ అమ్మేసి, మా దగ్గరికి వచ్చి ఉంది.

అప్పటికి నాకు పెళ్ళయి, సూరత్‌లోనే డిండోలిలో కాపురం. ఇంటి దగ్గరే చీరలకు చెమ్కీలు, రాళ్ళు అతికించే పని చేసేదాన్ని. అత్తమ్మ పక్కన కూర్చుని, కళ్ళు సరిగా కనపడకపోయినా జిగురు డబ్బా అందిస్తుండేది. ఎన్నో ఏళ్ళుగా నోటిదాకా వచ్చి ఆగిపోతున్న మాట ఒకరోజు అడిగేశాను. ఆ రోజు నది మీద, అందరికీ పనులిచ్చేసి, నాకు ఆ ప్లగ్గు ఇచ్చేసి, నువ్వు మాత్రం ఉత్త చేతులతో కూర్చున్నావు కదా, నీకు భయం కాలేదా అని.

అత్తమ్మ డబ్బా కింద పెట్టింది. జిగురు అంటిన వేళ్ళు ఒకదానితో ఒకటి రుద్దుకుంటూ ఉంది.

"కాకుంట ఎట్లుంటది? ఆరకముందే లాగాలె లాగాలె అని పానం కొట్టుకుంది. జల్దిబాజీ చేస్తే అందరం పోతుంటిమి" అంది. తర్వాత నా మొహం ఉన్న వైపు తిరిగింది. "నిన్ను చూసుకుంట కూసున్న. ఇంత పిల్ల, అమ్మ సావుబతుకులల్ల ఉంటే, కదలకుంట కూసుంది. మిషన్ ఆరేదాక నేను గూడ లేవొద్దు అనుకున్న. నువ్వు ప్లగ్గు పట్టుకున్నవు. నేను నిన్ను పట్టుకున్న."

నన్ను కూర్చోబెట్టడానికి ఆమె ఒక మాయ చేసిందని మాత్రమే నేను అంతకాలం అనుకుంటూ వచ్చాను. ఆ మాయ మీద ఆమె కూడా కూర్చుని ఉందని తెలియదు.

అత్తమ్మ పోయి చాలా ఏళ్ళయింది. నా కాళ్ళు ఇప్పటికీ నిలవవు. పిల్లలు ఇంటికి రావడం ఆలస్యమైతే గుమ్మానికీ వీధికీ తిరుగుతూనే ఉంటాను. మొన్న వానల్లో మా పక్కింటి అమ్మాయి సాయంత్రం నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. దాని మొగుడు సూరత్ శివారు సచిన్‌లో రంగుల కార్ఖానాలో పనిచేస్తాడు. పాళీ అయిపోయి చాలాసేపైంది, రోడ్డంతా నీళ్ళు, ఫోన్ కలవడం లేదు. బండి వేసుకుని నేనే వెతకడానికి పోతానని కాళ్ళు నేలకు ఆనించకుండా తిరుగుతోంది. చంకలో పసివాడు. కార్ఖానా వాళ్ళకు ఫోన్ చేయమని మా అబ్బాయికి చెప్పి, అమ్మాయిని లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. పసివాణ్ణి నేను తీసుకుని, సగం అతికించిన చీర దాని ఒళ్ళో పరిచాను. ఇది పొద్దున్నే ఇవ్వాలె, నా కళ్ళు ఆనుతలేవు, జర ఈ అంచు పూర్తి చేయవా బిడ్డా అన్నాను. పొద్దున్నే ఇవ్వాల్సిన అవసరం ఏమీ లేదు. అది ముక్కు ఎగపీలుస్తూ, ఒక్కో రాయి ఏరి జిగురులో ముంచి అతికించడం మొదలుపెట్టింది. బయట వాన పెరుగుతోంది. నా కాళ్ళు గుమ్మం వైపే లాగుతున్నాయి. ఆ అమ్మాయి తల ఎత్తి, వస్తాడు కదా ఆంటీ అంది. వస్తడు బిడ్డా, నువ్వు వరుస తప్పకు అన్నాను. అని, వణకకుండా కదిలే ఆ వేళ్ళ మీదనుంచి నా కళ్ళు తీయకుండా కూర్చున్నాను.